సభ లేని రోజు

పోయిన చలికాలంలో డోర్నకల్‌లో మేం పదిహేనుమందిమి కూర్చున్న ఒక చిన్న సాహిత్య సమావేశంలో, కొత్తగా రాస్తున్న ఒక యువకుడు లేచి ఎజెండాలో లేని ప్రశ్న ఒకటి అడిగాడు. "సభ లేకపోతే మనం రాయమా సార్?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. అధ్యక్షత వహిస్తున్న మిత్రుడు "టీ తరువాత మాట్లాడుకుందాం" అన్నాడు. టీ తరువాత ఎవరి బండి వేళకు వాళ్లం స్టేషను దారి పట్టాం.

అతను ఎగతాళికి అడిగిన ప్రశ్న కాదది. అంతకు ముందు గంటన్నర సేపు మేం, రాబోయే ఒక సంస్మరణ సభకు ఎవరెవరు కవితలు రాయాలో పంచుకున్నాం. పేర్లు రాసుకున్నాం, గడువు పెట్టుకున్నాం, నిడివి కూడా నిర్ణయించుకున్నాం. పొలం పనులకు కూలీలను పంచుకున్నట్టు పంచుకున్నాం. ఇదంతా చూసిన ఒక కొత్త మనిషికి ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఇంటికి వచ్చి నా కవితల ఫైలు తీశాను. 22 ఏళ్లలో నేను అచ్చుకిచ్చినవి 41 కవితలు. వాటిలో 33 కవితల కింద ఏదో ఒక సందర్భం రాసి ఉంది. ఒకరి వర్ధంతి, ఒకరి సంస్మరణ, ఫలానా మహాసభ, ఫలానా ప్రత్యేక సంచిక. మిగిలిన ఎనిమిదింటిలో మూడు కూడా సభకు రాసినవే. సభ వాయిదా పడటం వల్ల సందర్భాన్ని కొట్టేసి పత్రికకు పంపాను. అంటే 22 ఏళ్లలో నా అంతట నేను కూర్చుని రాసుకున్నవి ఐదు. ఇతరుల రచనల మీద నిబద్ధత కొలబద్ద పెట్టి వ్యాసాలు రాసిన వాడిని నేను. ఆ లెక్క చూసుకున్న తరువాత మౌనంగా ఉండటం నిజాయితీ అనిపించుకోదు. అందుకే ఈ వ్యాసం.

1

సందర్భానికి రాయడం తప్పని నేను అనడం లేదు. కాల్పులు జరిగిన మర్నాడు, ఉరిశిక్ష పడిన మర్నాడు, పంట తగలబడిన మర్నాడు రచయిత గొంతు వినిపించకపోతే అతను ఎవరి రచయిత అని జనం అడుగుతారు, అడగాలి కూడా. నా ప్రశ్న వేరు. ఆ మర్నాటికి రచయిత చేతిలో మాట ఎక్కడి నుంచి వస్తుంది? సభ లేని 300 రోజులు అతను ఏం చేస్తున్నాడు?

మన విమర్శ ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు. రచన పూర్తయి అచ్చులో వచ్చిన తరువాతే మన పని మొదలవుతుంది. వస్తువు ఏమిటి, దృక్పథం ఏమిటి, శిల్పం వస్తువుకు లొంగిందా లేదా అని చూస్తాం. రచన తయారయిన తీరును, రచయిత రోజులో దానికి దొరికిన చోటును, దొరకని చోటును చూడం. శ్రమను గురించి ఇంత మాట్లాడే మనం రచనలోని శ్రమను మాత్రం రచయిత ఇంటి గుట్టుగా వదిలేశాం.

దీనికి చారిత్రక కారణం లేకపోలేదు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడే నాటికి తెలుగు కవిత్వం మీద భావకవిత్వపు నీడ ఇంకా పూర్తిగా తొలగిపోలేదు. కవి ఊహాలోకంలో ఉంటాడు, ప్రేరణ వచ్చినప్పుడు రాస్తాడు, రానప్పుడు ఎదురు చూస్తాడు అనే నమ్మకం మీద పోరాడవలసి వచ్చింది. ఆ పోరాటం న్యాయమైనది. అందులో 'వ్యక్తిగతం' అన్న మాట మీద మనకు అనుమానం ఏర్పడటమూ సహజమే. కాని ఆ పోరాటం గెలిచామనుకున్న చోటనే ఒక పొరపాటు జరిగింది. భావకవి వెన్నెల కోసం ఎదురు చూశాడు. మనం వార్త కోసం ఎదురు చూస్తున్నాం. వస్తువు మారింది, ఎదురుచూపు మారలేదు. రచన బయటి నుంచి వచ్చి తట్టి లేపాలి, అంతదాకా కలం పడుకుని ఉంటుందన్న భావవాదాన్ని మనం కొత్త పేరుతో కొనసాగిస్తున్నాం.

దాని ఫలితం మన సంచికల్లో కనిపిస్తూనే ఉంది. ఒక అమరుడి మీద రాసిన కవితలో పేరు మార్చి ఇంకొక అమరుడి మీద చదవవచ్చు. పిడికిలి, ఎరుపు, తొలిపొద్దు, నెత్తుటి విత్తనం ఎవరి కవితలో అయినా ఒకే వరసలో నిలబడతాయి. వీటిని రాసినవాళ్లకు చిత్తశుద్ధి లేదనడం అన్యాయం. చిత్తశుద్ధి ఉంది. చేతిలో సొంతంగా సంపాదించిన మాట లేదు. అవసరం వచ్చినప్పుడు అప్పు తెచ్చుకున్నారు. నేనూ తెచ్చుకున్నాను.

2

ఈ విషయంలో మన జిల్లాల్లోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. మొదటిది కాళోజీ నారాయణరావు.

కాళోజీ (1914-2002) తన కవిత్వానికి పెట్టుకున్న పేరు 'నా గొడవ'. 1953లో ఆలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల్లో శ్రీశ్రీ చేతుల మీదుగా అది మొదటిసారి పుస్తకంగా వెలువడింది. ఆ తరువాత వచ్చిన సంపుటాలకూ అదే పేరు. అర్ధ శతాబ్దం పాటు ఒక మనిషి ఒకే పేరు కింద రాస్తూ పోయాడు. వ్యక్తిగతం అన్న మాటకు ఉలిక్కిపడే మనం ఆ 'నా'ను ఏం చేయాలి? వరంగల్లు వీధుల్లో తిరిగిన మనిషి, నిజాం ప్రభుత్వం చేత జైలుకు పోయిన మనిషి, పౌరహక్కుల కోసం నిలబడ్డ మనిషి, జనం గొడవనంతా 'నాది' అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకున్న హక్కు ఒక్క కవితతో వచ్చింది కాదు. రోజు రోజూ పట్టించుకోవడం వల్ల వచ్చింది.

'నా గొడవ' మీద విమర్శకుల ఫిర్యాదు పాతదే. ఎగుడుదిగుళ్లు ఎక్కువ, చెప్పిందే చెబుతాడు, కొన్ని చోట్ల కవిత్వం కంటె మాటే మిగులుతుంది అని. ఒక్కో ఖండికను విడిగా తీసి తూచితే ఈ ఫిర్యాదులో నిజం ఉంది. రోజూ రాసేవాడికి బలహీనమైన రోజులు కూడా అచ్చులో పడతాయి. కాని అలా తూచడమే సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. 'నా గొడవ'ను ఖండికల సంపుటిగా గాక, మధ్యలో తెగిపోని ఒకే రచనగా చదవాలి. అలా చదివినప్పుడు మూడు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది భాష. పాఠ్యపుస్తకం నేర్పిన భాషను పక్కన పెట్టి, జనం నాలుక మీది పలుకును కాళోజీ పట్టుకున్నాడు. ఇది సిద్ధాంతంగా చెప్పడం తేలిక. చేతికి రావాలంటే రోజూ వినాలి, రోజూ రాయాలి. ఏడాదికి రెండు కవితలు రాసేవాడు ఎంత నిబద్ధుడయినా ఆ రెండింటినీ పుస్తక భాషలోనే రాస్తాడు. ఎందుకంటే అవసరం మీద పడ్డప్పుడు చేతికి మొదట తగిలేది అరువు భాషే.

రెండవది అభిప్రాయంలో మార్పు. కాళోజీ మొదట విశాలాంధ్రను సమర్థించాడు. తరువాత అనుభవం మీద ప్రత్యేక తెలంగాణ వైపుకు వచ్చాడు. ఈ మార్పును ఆయన దాచుకోలేదు, దాచుకునే వీలూ లేదు. క్రమం తప్పకుండా రాసేవాడి ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో పాఠకుడికి తెలిసిపోతుంది. అదాటున సభకు ఒకసారి కనిపించే కవికి ఈ బాధ లేదు. నిన్నటి అభిప్రాయానికీ ఇవాళ్టి అభిప్రాయానికీ మధ్య అతను ఏమీ రాసి ఉండడు గనుక, ఎప్పుడూ ఒకే మాట మీద నిలబడినట్టు కనిపిస్తాడు. నిత్య రచన రచయితను జనానికి జవాబుదారీ చేస్తుంది. మన నిబద్ధత చర్చల్లో ఈ అంశం రాకపోవడం విచిత్రం.

మూడవది సందర్భం. కాళోజీ కూడా సందర్భానికే రాశాడు కదా అని ఎవరయినా అనవచ్చు. రాశాడు, నిజమే. రజాకార్ల కాలం మీద రాశాడు, ఎమర్జెన్సీ మీద రాశాడు. అయితే ఆయనకు సందర్భాన్ని ఎవరూ కేటాయించలేదు. పెద్ద సంఘటన వచ్చిన రోజుకు, అప్పటికే చిన్న సంఘటనల మీద సాన పట్టి ఉన్న కలం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. మాకూ ఆయనకూ తేడా అక్కడే.

3

రెండవ ఉదాహరణ ఇంకా దగ్గరిది. దాశరథి కృష్ణమాచార్య (1925-1987) పుట్టిన చిన్నగూడూరు ఇవాళ డోర్నకల్ శాసనసభా నియోజకవర్గంలోనే ఉంది. నిజామాబాదు జైలు గోడల మీద ఆయన బొగ్గుతో పద్యాలు రాసిన కథ తెలుగు సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. కాగితం లేదు, కలం లేదు. గోడ మీద రాసింది జైలు వాళ్లు చెరిపేస్తారు. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి వంటి సహచరుడు ఉన్నాడు, విన్నదాన్ని గుర్తుంచుకుంటాడు. ఈ కథను మనం ఎప్పుడూ ఆవేశానికి ఉదాహరణగా చెబుతాం. విద్యార్థులకు నేనూ అలాగే చెప్పాను.

ఇప్పుడు నాకు అందులో ఇంకొకటి కనిపిస్తోంది. చెరిగిపోయే గోడ మీద రాసిన పద్యం మనిషి నోట్లో ఎట్లా నిలిచింది? ఛందస్సు నిలిపింది. ఆ ఛందస్సు జైలులో పుట్టలేదు. చిన్ననాటి నుంచి పద్యం చదివి, పద్యం కట్టి, చెవినీ నాలుకనూ తయారుచేసుకున్న సాధన వెనక ఉంది. సంస్కృతం, ఉర్దూ నేర్చిన శ్రమ వెనక ఉంది. ఆ రోజుల్లో ఆ పద్యాలను ఏ సభా అడిగి ఉండదు. అవి వట్టి అభ్యాసం. కాని కాగితం లాక్కున్న నాడు పనికి వచ్చింది ఆ అభ్యాసమే. 1949లో 'అగ్నిధార' వెలువడ్డప్పుడు అందరూ అందులో నిప్పును చూశారు. నిప్పు నిలబడటానికి పొయ్యి కావాలి. ఆ పొయ్యిని ఆయన చాలా ముందే, ఎవరూ అడగకుండానే కట్టుకున్నాడు.

ఆళ్వారుస్వామి విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. తెలంగాణ జన జీవిత చరిత్రను నవలల్లో చెప్పాలని ఆయన పూనుకున్నాడు. 'ప్రజల మనిషి' రాశాడు, 'గంగు' రాశాడు. 1961లో మరణించాడు. ఆ పనిని దాశరథి తమ్ముడు రంగాచార్య (1928-2015) అందుకున్నాడు. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వరసగా వచ్చాయి. ఉద్యోగం చేసుకుంటూ, సంసారం ఈదుకుంటూ రాసినవి అవి. తరువాతి కాలంలో ఆయన వేదాల అనువాదానికి పూనుకోవడం మనలో చాలామందికి నచ్చలేదు. ఆ చర్చ వేరే చేసుకోవచ్చు. నాకు ఇక్కడ కావలసింది ఒక్కటే. ఒక మనిషి తన సొంత పనిగా మొదలుపెట్టినది, క్రమంగా సాగినందువల్ల, ఇంకొక మనిషి అందుకోదగిన పనిగా తయారయింది. అరకొరగా ఆవేశంలో రాసిన వాటిని ఎవరూ అందుకోలేరు. కొస కనిపించాలి గదా అందుకోవడానికి.

4

చిత్రకారుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఎక్కువ ఉంది. వాళ్లకు రోజూ గీయడం సిగ్గుపడవలసిన విషయం కాదు. రేఖ చేయి దాటిపోతుందని వాళ్లకు తెలుసు.

మా మహబూబాబాద్ ప్రాంతంలోని పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు (1924-2012) శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ గురువుకు ఒక అలవాటు ఉండేది. చిన్న చిన్న కార్డుల మీద కంటబడినదల్లా గీసేవాడు. చెట్టు, మేక, బండి, నీళ్లు మోసే మనిషి. వాటిని మిత్రులకూ శిష్యులకూ ఉత్తరాలుగా పంపేవాడు. ప్రదర్శనకు పెట్టాలని గీసినవి కావు. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు మహాసభల పందిళ్లకు చిత్రాలు కావాలని గాంధీజీ ఆయనను అడిగాడు. నందలాల్ తానే 80కి పైగా చిత్రాలు వేశాడు. శిష్యులు చేసిన నకళ్లతో కలిపి 400 దాకా పందిళ్ల మీద నిలిచాయి. వాటిలో నాయకులు లేరు. డోలు వాయించేవాడు, కుమ్మరి, చెప్పులు కుట్టేవాడు, పిల్లతల్లి ఉన్నారు. సభ పిలిచింది, చిత్రకారుడు పలికాడు. పలకగలిగింది మాత్రం అంతకు ముందు ఏళ్ల తరబడి ఎవరూ పిలవకుండా గీసిన కార్డుల వల్ల. అవి లేకపోతే ఆయన కూడా పందిళ్ల మీద జెండాలూ పిడికిళ్లూ వేసి ఉండేవాడేమో.

వంగ దేశపు సోమనాథ్ హోర్ది దీనికి ఎదురు దిశలో సాగిన నడక. 1946 డిసెంబరులో, పాతికేళ్ల వయసులో, తెభాగా రైతుల పోరాటాన్ని చూసి గీయడానికి పార్టీ ఆయనను రంగపూర్ ప్రాంతానికి పంపింది. ఆయన రోజూ డైరీ రాశాడు, రోజూ బొమ్మలు గీశాడు. రైతు ముఖం, కొడవలి పట్టిన చేయి, రాత్రి సమావేశం. పని అప్పగింపుతోనే మొదలయింది. కాని అప్పగింపుతో ముగియలేదు. పాతికేళ్లు గడిచిన తరువాత 1970ల్లో ఆయన 'గాయాలు' అనే వరస చేశాడు. తెల్ల కాగితపు గుజ్జు మీద కత్తితో కోసినట్టు, కాల్చినట్టు ఉండే గుర్తులు. రంగు లేదు, మనిషి ఆకారం లేదు. కొందరు ఇది నైరూప్యం, జనానికి దూరం అనవచ్చు. నేను అనను. రంగపూర్‌లో రైతు వంటి మీద చూసినదాన్ని ఆ చేయి మరిచిపోలేదు. అన్నేళ్లు మరిచిపోకుండా ఉండటానికి ఆవేశం చాలదు. చేయి ఖాళీగా ఉండకూడదు.

5

ఇంతవరకు రాసి చదువుకుంటే నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ పేర్లన్నీ మగవాళ్లవే. ఇది యాదృచ్ఛికం కాదు. దీన్ని దాటిపోతే నా వ్యాసం సగం అబద్ధమవుతుంది.

నా సహచరి రచయిత్రి కాదు. పదో తరగతి చదివింది. ధనుర్మాసంలో ప్రతి తెల్లవారుజామునా వాకిట్లో ముగ్గు వేస్తుంది. ఇది మూఢాచారమని పెళ్లయిన కొత్తలో నేను ఉపన్యాసం ఇచ్చాను. ఆమె విని, మర్నాడు మళ్లీ వేసింది. నా కవితల లెక్క చూసుకున్న రాత్రే, అదే పెట్టెలో అడుగున, ఆమె ముగ్గుల పుస్తకాలు కనిపించాయి. బడిపిల్లల రూళ్ల పుస్తకాలు. ఒక్కో పేజీకి ఒక ముగ్గు, పైన తేదీ, ఎన్ని చుక్కలో, ఎన్ని వరసలో లెక్క. కింద కొన్ని చోట్ల ఒక ముక్క. "మంచు. పిండి తడిసింది." "చుక్క తప్పింది, పూవు చేసిన." ఒక ఏడాది వేసిన ముగ్గు మరుసటి ఏడాది మళ్లీ రాలేదు. చుక్క తప్పితే చెరపకుండా ఇంకొకటిగా మలచడం ఆ పేజీల నిండా కనిపిస్తుంది. శిల్పం మీద నేను రాసిన వ్యాసాల్లో ఈ సంగతి లేదు.

అంతకంటె ముఖ్యమైనది ఖాళీలు. కొన్ని ఏళ్లకు నాలుగైదు పేజీలే ఉన్నాయి. రెండు ఏళ్లకు అసలు లేవు. ఏ ఏళ్లవో లెక్కపెట్టాను. ఇద్దరు పిల్లలు పుట్టిన ఏళ్లు అవి. వాళ్ల అమ్మ మంచాన పడ్డ ఏడాది నాలుగే పేజీలు. నేను సంఘం పనుల మీద నెలల తరబడి ఊళ్లు తిరిగిన ఏడాది ఐదు పేజీలు. నా 41 కవితల వెనక ఎవరి సమయం ఉందో ఆ ఖాళీ పేజీలు చెప్పాయి.

పుస్తకాలు చూశానని చెబితే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. కవితల లెక్క చెబితే మాత్రం నవ్వింది. "మీకు రాయాలంటే ఎవరో ఒకరు సచ్చిపోవాలె గదా" అన్నది. నా మీద ఇంత సూటి విమర్శ ఇంతదాకా ఏ పత్రికలోనూ రాలేదు.

మా డోర్నకల్ చుట్టూ ఉన్న లంబాడా తండాల్లో ముసలమ్మలు కట్టే దుస్తులు చూడండి. అద్దాలు, గవ్వలు, పూసలు, రంగు దారాలు. ఒక్కో దుస్తు నెలల తరబడి పని. మిరపతోటలో కూలికి పోయి వచ్చి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి, మిగిలిన సందులో నాలుగు కుట్లు వేస్తేనే అది తయారయింది. అమ్మకానికి కాదు, తాను తొడుక్కోవడానికి. వ్యక్తిగత కళ అంటే పనిలేనివాడి విలాసమనే మాటకు ఆ కుట్టుపని చాలినంత జవాబు. ఇవాళ ఆ పని తగ్గిపోయింది. రోజూ ఆ దుస్తులు కట్టేవారిలో పెద్ద వయసు వాళ్లే ఎక్కువ. కళ మీద ఆసక్తి చచ్చిపోయి తగ్గిందని కొందరు అంటారు. కూలి గంటలనూ, బజారులో చవకగా దొరికే మిషను బట్టనూ లెక్కలోకి తీసుకోకుండా ఆ మాట అనరాదు.

కనుక క్రమం తప్పని సాధన అన్నది కేవలం సంకల్పబలం విషయంగా చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. తెల్లవారుజామున లేచి రాయండి అని సలహా ఇచ్చే రచయిత ఇంట్లో తెల్లవారుజామున పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారో కూడా చెప్పాలి. సాధనకు సమయం కావాలి. సమయం ఎవరికి ఎంత దొరుకుతుందన్నది వర్గానికీ, కులానికీ, ఆడా మగా తేడాకూ సంబంధించిన విషయం. మన సంఘాల్లో రచయిత్రులు తక్కువ ఎందుకని మహాసభల్లో తీర్మానాలు చేస్తాం. సాయంత్రం సభ పెట్టి, పొద్దుపోయాక ముగించి, ఈ ప్రశ్న అడుగుతాం.

6

ఇక నా సొంత ప్రయత్నం. గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు గనుక క్లుప్తంగా చెబుతాను.

నేను ఉపాధ్యాయుణ్ణి. ఏళ్ల తరబడి డోర్నకల్ జంక్షన్ నుంచి మహబూబాబాద్ దాకా ప్యాసింజరులో పోయి వచ్చాను. కొత్తగూడెం వైపు నుంచి వచ్చే బొగ్గు బండ్లకు దారి ఇవ్వడానికి మా బండి ఆగినప్పుడల్లా విసుక్కుంటూ పేపరు చదివేవాణ్ణి. చలికాలపు ఆ సమావేశం తరువాత ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. రోజుకు ఒక మాట. బండిలోనో, ప్లాట్‌ఫారం మీదనో తోటి ప్రయాణికులు అన్న ఒక్క వాక్యం, అన్నది అన్నట్టు, ఒక నోటుపుస్తకంలో రాయాలి. వ్యాఖ్యానం రాయరాదు. కవిత చేయరాదు. ఎవరి పేరూ రాయరాదు. ఆరు నెలలు.

మొదటి వారం ఏమీ వినపడలేదు. అంత గోలలో నాకు మాటలు వినపడలేదంటే నా చెవి గురించి మీకు అర్థమయి ఉంటుంది. తరువాత మెల్లగా మొదలయింది. మార్కెట్టు నుంచి ఖాళీ సంచులతో తిరిగి వస్తున్న మిర్చి రైతు అన్నాడు: "రేటు మంచిగనే పలికింది సారూ, మిర్చే తక్కువ తూగింది." నేను రైతు మీద నాలుగు కవితలు రాశాను. నాలుగింటిలోనూ రైతు ఆకాశం వైపు చూస్తాడు, నాగలి భుజాన వేసుకుంటాడు, ఆఖరి చరణంలో పిడికిలి బిగిస్తాడు. ఒక్కదానిలోనూ తూకం లేదు. దోపిడీని గురించి అంత చదివిన నాకు, అది తక్కెడ దగ్గర ఎట్లా జరుగుతుందో ఒక్క వాక్యంలో చెప్పినవాడు ఆయన. ఆ మాటలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. మర్యాద ఉంది, వెనక వెటకారం ఉంది. ఆ రెండూ కలిసిన గొంతు నా కవితల్లో ఎప్పుడూ లేదు.

ఆరు నెలల్లో 180 దాకా రావలసిన వాక్యాలు 97 వచ్చాయి. సెలవులు కొన్ని, బద్ధకం కొంత. నడుమ ఒక నెల మొత్తం జారిపోయింది. అప్పుడు పుస్తకం పారేద్దామనుకున్నాను. సహచరి పుస్తకంలోని ఖాళీలు గుర్తుకు వచ్చి, మానిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాను. తప్పిపోయిన రోజులకు అబద్ధపు వాక్యాలు నింపలేదు. ఆ 97 నుంచి ఇప్పటికి ఒక కథ వచ్చింది. అది బాగుందో లేదో మీరే చెప్పాలి. దాని కింద మాత్రం ఏ సందర్భమూ లేదు.

అలవాటు యాంత్రికం కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. అవుతుంది. మూడో నెలలో నాకు చమత్కారంగా ఉన్న మాటలే వినపడటం మొదలయింది. మామూలు మాటలు దాటిపోతున్నాయి. అంటే చెవి మళ్లీ తన పాత కవి వేషం వేసుకుంటోంది. అందుకే ఇలాంటి పనికి గడువు ఉండాలి. ముగించాలి, నలుగురికి చూపాలి, తప్పు దిద్దుకుని ఇంకొకటి మొదలుపెట్టాలి. ముగింపు లేని సాధన జపమాలగా మారుతుంది. చూపించని సాధన దాచుకున్న సొమ్ములాగా ఎవరికీ పనికి రాదు.

7

సంఘాలు ఏం చేయాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నాకు తోచినవి రెండు మూడు ఉన్నాయి.

సమావేశంలో కవితలు పంచుకునే ముందు ఒక గంట నోటుపుస్తకాలకు ఇవ్వాలి. ఎవరు ఏ చిన్న పని సొంతంగా పెట్టుకున్నారో, ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో చెప్పుకోవాలి. ఒకరు తమ వాడకట్టులోని చేతిపనుల వాళ్ల పనిముట్ల పేర్లు రాసుకోవచ్చు. ఒకరు ఒకే చెరువును ఏడాది పాటు వారానికోసారి చూసి రాయవచ్చు. బొమ్మలు వేసేవాళ్లు రోజుకొక చేయి గీయవచ్చు. ఇవి రచనలు కావు, రచనకు ముందటి దుక్కి. ఆ దుక్కిని సంఘం తన పనిగా గుర్తించాలి. సమావేశాలను ఆడవాళ్లు రాగలిగే వేళకు మార్చాలి. రాలేని వేళ పెట్టి రావడం లేదని తీర్మానించడం మానాలి. ఇక విమర్శకులం మేం, ఒక రచయితను కలిసినప్పుడు "కొత్తగా ఏం అచ్చయింది?" అని అడిగే అలవాటు పక్కన పెట్టి "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడగడం నేర్చుకోవాలి.

2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. పేరు మారినా బండ్లు మారేవాళ్లు అట్లాగే దిగుతున్నారు, ఎక్కుతున్నారు, మాట్లాడుకుంటున్నారు. వచ్చే నెల సంస్మరణ సభ ఉంది. నా వంతు కవిత నేను రాయాలి, రాస్తాను. చనిపోయిన ఆ పెద్దమనిషి బతికున్నప్పుడు ఎట్లా మాట్లాడేవాడో గుర్తుచేసుకోవడానికి నాలుగు రోజులుగా ప్రయత్నిస్తున్నాను. ఆయనతో 15 ఏళ్లు ఒకే బండిలో తిరిగాను. ఒక్క మాట కూడా రాసి పెట్టుకోలేదు.